స్తంభములు చెప్పు పాఠము

విశ్వవిద్యాలయములో పాఠము చెప్పువారు ఆచార్యులు మాత్రమే కారు. అక్కడి గోడలు, గడపలు, నడవలు, చెట్ల నీడలు కూడ తమకు చేతనైన పాఠమును చెప్పుచునే యుండును. విద్యార్థి ఉపన్యాసమును దినమునకు ఏ రెండు మూడు గంటలో వినును. తాను నడచు వసారాను, తాను ఆనుకొని నిలుచు కంబమును మాత్రము ఏండ్ల తరబడి చూచును. చూచిన దానిని చదువుట అతనికి ఎవ్వరును నేర్పరు.

పాశ్చాత్య దేశముల విశ్వవిద్యాలయముల చిత్రములను చూచినవారికి ఒక రూపము మరల మరల కనబడుచుండును. ఎత్తైన మెట్లు, మెట్లపైన వరుసగా తెల్లని స్తంభములు, వాని తలపై త్రికోణాకారమైన ముఖభాగము. గ్రంథాలయమైనను, సభామందిరమైనను రూపమిదియే. ఇవి కేవలము అలంకారములని తలచి మనము ముందునకు సాగిపోవుదుము. కాని ఆ స్తంభములకొక వ్యాకరణము కలదు. ఒక వంశచరిత్ర కలదు. వానిని పాఠ్యగ్రంథముగనే భావించి ఒక విశ్వవిద్యాలయమును కట్టించిన పురుషుడొకడు అమెరికాలో నుండెను. ఆ గ్రంథములో అతడు వ్రాయక విడిచిన పుటయు నొకటి కలదు. వ్రాసిన పుటలను, వ్రాయని పుటను కలిపి చదివిననే ఆ గ్రంథము మనకు పూర్తిగా అర్థమగును.

స్తంభమునకు ఛందస్సు

మన పద్యమునకు ఛందస్సు ఎట్టిదో, ప్రాచీన గ్రీకు రోమను కట్టడములకు స్తంభరీతి అట్టిది. ఉత్పలమాల వ్రాయ బూనిన కవి ఇరువది అక్షరముల పాదములో పదియవ అక్షరమున యతి నిలుపవలెను. గణములు వరుస తప్పరాదు. ఆ కట్టుబాటులోనే అతడు తన భావమును పలికించును. అట్లే గ్రీకు శిల్పి స్తంభము మొదటి మందమును ఒక కొలతగా గైకొని, ఎత్తు దానికెన్ని రెట్లుండవలెనో, పీఠమెట్టిదో, శీర్షమెట్టిదో, శీర్షముపై నుండు దూలముల వరుస ఎంత లావో అంతయు ఆ ఒక్క కొలత నుండియే రాబట్టును. మన ప్రతిమాశాస్త్రములో ముఖము పొడవును తాళముగా గైకొని విగ్రహమునంతటిని కొలచుట యెట్లో, ఇదియు నట్లే.

ఈ పోలికను మనవారు ఎన్నడో గుర్తించిరి. బెంగుళూరులో న్యాయాధికారిగా నుండిన రామ్ రాజ్ అను పండితుడు మానసారము మొదలగు శిల్పశాస్త్ర గ్రంథములను పరిశోధించి, హిందూ వాస్తువును గూర్చి ఆంగ్లములో నొక వ్యాసము రచించెను. లండనులోని రాయల్ ఏషియాటిక్ సొసైటీ దానిని ఆయన మరణానంతరము 1834లో ప్రకటించెను. అధిష్ఠానము, స్తంభము, ప్రస్తరము అను మన విభాగములను గ్రీకు రోమను స్తంభరీతుల ప్రక్క నుంచి ఆయన అందులో పోల్చి చూపెను. పాశ్చాత్య స్తంభములను మనము చదువబోవుట నేడు క్రొత్తగా తలపెట్టిన పని కాదన్నమాట.

గ్రీకుల రీతులు మూడు. డోరిక్ రీతి బలిష్ఠమైనది. శీర్షము నిరాడంబరమైన పళ్ళెము వంటిది. అయోనిక్ రీతి సన్నని కంబము. శీర్షమునకు ఇరువైపుల చుట్టలు చుట్టుకొన్న సుడులుండును. కొరింథియన్ రీతి మిక్కిలి సుకుమారమైనది. శీర్షము చుట్టును ఆకులు విచ్చుకొని యుండును. రోమకులు వీనికి టస్కన్, కాంపోజిట్ అను మరి రెండు రీతులు చేర్చిరి. టస్కను అన్నింటికన్న సాదా యైనది. కాంపోజిట్ అనగా అయోనిక్ సుడులను, కొరింథియన్ ఆకులను ఒక్కచోట కూర్చినది.

క్రీస్తుకు పూర్వము మొదటి శతాబ్దిలో పది అధ్యాయముల వాస్తుగ్రంథము వ్రాసిన రోమను శిల్పి విట్రూవియస్ ఈ రీతుల పుట్టుకను కథలుగా చెప్పెను. పురుషుని పాదము అతని ఎత్తులో ఆరవ వంతు గనుక డోరిక్ స్తంభమును మందమునకు ఆరు రెట్లు ఎత్తుగా నిలిపిరట. అయోనిక్ స్తంభము స్త్రీమూర్తి. దాని సుడులు ముంగురులు, నిలువు చారలు చీరకుచ్చెళ్ళ వంటివి. ఇక మూడవ కథ కరుణరస భరితమైనది. కొరింథు నగరములో నొక కన్యక మరణించెను. ఆమెకు ప్రియమైన చిన్ని పాత్రలను దాది ఒక బుట్టలో పెట్టి, వానకు తడవకుండ పైన పెంకు కప్పి, సమాధిపై నుంచెను. బుట్ట క్రింద అకాంథస్ అను మొక్క వేరు ఉండెను. వసంతము రాగా అది చిగిర్చి, బుట్ట చుట్టును ప్రాకి, పెంకు అంచు తగిలిన చోట ఆకులు వంగి చుట్టుకొనెను. ఆ దారిని పోవుచున్న కల్లిమాకస్ అను శిల్పి దానిని చూచి రాతిలో చెక్కెను. కథ నిజమో కాదో గాని, రెండు వేల యేండ్లుగా కొరింథియన్ శీర్షమును చూచిన చదువరులకు ఆ బుట్ట జ్ఞప్తికి వచ్చుచునే యున్నది.

ఆక్స్‌ఫర్డు గోపురము

రోము పతనమైన తరువాత పలు శతాబ్దులు ఈ ఛందస్సు మరుగుపడెను. ఇటలీలో సాంస్కృతిక పునరుజ్జీవనము కలిగిన పిమ్మట సెర్లియో, విన్యోలా, పల్లాడియో అను శిల్పులు శిథిలములను కొలిచి, రీతులు ఐదని స్థిరపరచి, పటములతో గ్రంథములు ప్రకటించిరి. పల్లాడియో గ్రంథము 1570లో వెలువడెను. అందులో టస్కను స్తంభము ఎత్తు మందమునకు ఏడు రెట్లు; డోరికు ఎనిమిది; అయోనికు తొమ్మిది; కొరింథియను తొమ్మిదిన్నర; కాంపోజిటు పది. మెట్టు మెట్టునకు స్తంభము సన్నగిల్లును, అలంకారము హెచ్చును.

ఈ మెట్ల వరుసను ఉన్నదున్నట్లుగా గోడపై చెక్కిన విద్యాస్థానము ఆక్స్‌ఫర్డు. అక్కడి బాడ్లియన్ గ్రంథాలయ ప్రాంగణములో 17వ శతాబ్ది తొలి పాదమున కట్టిన గోపురమునకు పంచరీతుల గోపురమనియే పేరు. అడుగు అంతస్తున టస్కను జంట స్తంభములు, దానిపై డోరికు, అయోనికు, కొరింథియను, అన్నింటికి పైన కాంపోజిటు. నడుమ మొదటి జేమ్సు రాజు కూర్చుండి తన గ్రంథములను పంచిపెట్టుచుండును. ప్రాంగణము చుట్టునుగల తలుపులపై తర్కము, సంగీతము మున్నగు శాస్త్రముల పేర్లు లాటినులో వ్రాసియున్నవి. అయినను ఈ గోపురములోని స్తంభములు భారము మోయుటకై పెట్టినవి కావు. కట్టడము తక్కిన భాగమంతయు గోథిక్ పద్ధతిలోనిదే. వర్ణమాలను పలకపై వ్రాసి గోడకు తగిలించినట్లు ఐదు రీతులను అక్కడ అంటించిరి. ఆ వర్ణమాలతో వాక్యములు వ్రాసినవాడు రెండు వందల యేండ్ల పిదప అమెరికాలో వచ్చెను.

జెఫర్సను విద్యాగ్రామము

థామస్ జెఫర్సను అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను రచించినవాడు. ఆ దేశమునకు మూడవ అధ్యక్షుడు. తన సమాధి ఫలకముపై చెక్కవలసిన మాటలను అతడే వ్రాసి యుంచెను. అందులో అధ్యక్ష పదవి ప్రసక్తి లేదు. స్వాతంత్ర్య ప్రకటన కర్త, వర్జీనియా మతస్వేచ్ఛా శాసన కర్త, వర్జీనియా విశ్వవిద్యాలయ జనకుడు అను మూడు మాటలే కలవు. దీనిని బట్టి విశ్వవిద్యాలయమును అతడెంత ప్రాణముగా భావించెనో ఊహింపవచ్చును.

షార్లట్స్‌విల్ పట్టణ సమీపమున తొలి మందిరమునకు 1817 అక్టోబరు 6న పునాదిరాయి వేసిరి. 1819లో విశ్వవిద్యాలయమునకు శాసనాధికారము లభించెను. 1825 మార్చిలో తరగతులు ఆరంభమయ్యెను. మరుసటి యేడు జులై 4న, స్వాతంత్ర్య ప్రకటనకు సరిగా ఏబది యేండ్లు నిండిన దినమున, జెఫర్సను కన్ను మూసెను. వార్ధక్యములో మాంటిచెల్లో కొండపైని తన యింటి నుండి దూరదర్శినితో ఈ పనులను చూచుచుండెడివాడని చెప్పుదురు.

ఒకే పెద్ద భవనములో విద్యార్థులందరిని కుక్కుట అతనికి నచ్చలేదు. అగ్నిభయము, అంటువ్యాధుల భయము, రణగొణధ్వని అతని యభ్యంతరములు. దానికి మారుగా గ్రామము వంటి విద్యాస్థానమును కల్పించెను. నడుమ పొడవైన పచ్చిక బయలు. ఇరువైపుల ఐదేసి చొప్పున పది మందిరములు. ఒక్కొక్క మందిరములో క్రింద తరగతి గది, పైన ఆచార్యుని నివాసము. మందిరమునకు మందిరమునకు మధ్య విద్యార్థుల గదులు. పచ్చిక నానుకొని అవి మొత్తము 54. వాననైనను ఎండనైనను తడవక వాడక నడచుటకు గదుల ముందు సాదా టస్కను స్తంభముల వసారా. వెనుక తోటలు, తోటల కావల మరి రెండు వరుసల గదులు, భోజనశాలలు. ఆ వెనుక వరుసలలోని యొక గదిలో 1826లో కొంతకాలము నివసించిన విద్యార్థి, తరువాతి కాలమున కవిగా, కథకుడుగా ప్రసిద్ధి గాంచిన ఎడ్గార్ ఆలన్ పో.

ఈ యోజనను జెఫర్సను ఒంటరిగా చేయలేదు. విలియం థార్న్‌టన్, బెంజమిన్ లాట్రోబ్ అను ఇరువురు శిల్పులకు 1817లో లేఖలు వ్రాసి సలహా లడిగెను. పచ్చిక బయలునకు శిరోభాగమున గుమ్మటముతో నొక ప్రధాన భవనముండవలెనని సూచించినవాడు లాట్రోబు. ఆ సూచన నుండి పుట్టినది రొటండా. రోమునందలి పాంథియను దేవాలయము దీనికి మాతృక, కొలతలో సగము. వ్యాసము 77 అడుగులు, ఎత్తును 77 అడుగులే. అనగా ఒక సంపూర్ణ గోళము లోపల ఇముడును. నాటి కళాశాలలలో ఆ ప్రధానస్థానము ప్రార్థనాలయమునకు దక్కెడిది. జెఫర్సను ఆ స్థానమున గ్రంథాలయము నుంచెను. గుమ్మటము క్రింది విశాలమైన గదిలో దేవతా విగ్రహములకు బదులు పుస్తకములు వెలసెను.

పది మందిరములు, పది పాఠములు

మందిరములలో ఏ రెండును ఒక్కటిగా నుండరాదని, వాస్తుశాస్త్రోపన్యాసములకు అవి మాదిరులుగా ఉపకరింపవలెనని జెఫర్సను 1817లో థార్న్‌టనుకు వ్రాసిన లేఖలోనే తెలిపెను. ఆ మాట నతడు అక్షరాల నెరవేర్చెను. పచ్చికకు పడమట బేసి సంఖ్యల మందిరములు, తూర్పున సరి సంఖ్యల మందిరములు. వానిలో నాలుగు డోరికు రీతివి, నాలుగు అయోనికు రీతివి, రెండు కొరింథియను రీతివి. ఒకే రీతిలోను భేదములు చూపుటకై ఒక్కొక్కదానికి ఒక్కొక్క మూలమును ఎన్నుకొనెను. మొదటి మందిరపు డోరికు రోములోని డయోక్లీషియను స్నానశాలలది; నాలుగవది అల్బానో శిథిలములది; ఏడవది పల్లాడియో స్వయముగా నిర్ణయించినది; పదియవది మార్సెల్లస్ రంగశాలది. రంగశాలలోని డోరికు స్తంభమునకు పీఠమే లేదు. నేల నుండి నేరుగా లేచును. పల్లాడియో దానికి పీఠము కల్పించెను. ఏది యుక్తము? ఉపన్యాసము విన్న విద్యార్థి పచ్చికపై నాలుగడుగులు నడచి రెంటిని కంటితో కొలిచి తేల్చుకొనవచ్చును. నన్నయ ఉత్పలమాలను, పోతన ఉత్పలమాలను ప్రక్క ప్రక్కన పెట్టి చదివించు తెలుగు పండితుని బోధనాపద్ధతి ఇదియే గదా!

ఈ రోమను మూలములను జెఫర్సను కన్నులార చూచినవాడు కాడు. అతడు ఫ్రాన్సులో రాయబారిగా నుండిన కాలమున నీమ్ నగరములోని రోమను దేవాలయమును 1787లో దర్శించి పరవశుడయ్యెను. ఉత్తర ఇటలీలో తిరిగెను. రోము వరకు మాత్రము పోలేదు. అతనికి తెలిసిన రోము పల్లాడియో గ్రంథములోని రోము. పుస్తకములో చూచిన కట్టడములను విద్యార్థులు చూచుటకై మరల ఇటుకలతో కట్టెను. ఒక విధముగా ఈ ప్రాంగణమంతయు పాఠ్యపుస్తకము నుండి పుట్టిన మరియొక పాఠ్యపుస్తకము.

ఆ స్తంభములు చూపునకు రాతివలె నుండును. నిజమునకు ఇటుకలతో కట్టి సున్నపు గచ్చు పూసినవి. శీర్షములను మాత్రము చెక్కిన రాతితోనే పెట్టవలసి యుండెను. అందుకై 1819లో ఇటలీ నుండి రాగీ వంశీయులైన ఇరువురు శిల్పులను రప్పించిరి. వారు పనికి పూనుకొనగా స్థానికమైన రాయి సన్నని చెక్కడమునకు ఒదుగలేదు. అయోనిక్ సుడులు, కొరింథియన్ ఆకులు అందులో నిలువలేదు. చివరకు శీర్షములను ఇటలీలోని కర్రారా పాలరాతితో అక్కడనే చెక్కించి ఓడలపై తెప్పించిరి.

ఇంతచేసి ఏర్పరచిన పాఠమునకు పంతులు కావలెను గదా! వాస్తుశాస్త్రమును బోధించుటకు ప్రత్యేక శాఖ ఆ విశ్వవిద్యాలయములో 1919లో గాని ఏర్పడలేదు. దానిని స్థాపించినవాడు, జెఫర్సను వాస్తుచిత్రములను పరిశోధించి గ్రంథము ప్రకటించిన ఫిస్క్ కింబల్. మాదిరులు సిద్ధమైన పిదప దాదాపు నూరేండ్లు పాఠము చెప్పువాని కొరకు ఎదురు చూచినవి.

వ్రాయని పుట

ఇక విడిచిన పుటకు వత్తము. ఆ నేలను చదును చేసినవారెవరు? మట్టి త్రవ్వి, త్రొక్కి, అచ్చుపోసి, ఇటుకలు కాల్చినవారెవరు? మోసినవారెవరు? వారిలో అత్యధికులు బానిసలు. విశ్వవిద్యాలయము వారిని యజమానుల నుండి అద్దెకు తెచ్చుకొనెడిది. వారి కూలి వారి చేతికి రాదు. యజమానుల చేతికి పోవును. తరగతులు మొదలైన తరువాతను వంట చేయుట, నీరు మోయుట, గదులు ఊడ్చుట, కట్టెలు కొట్టుట వారి పనియే. తోటలకు చుట్టును కట్టిన ఎత్తైన ప్రహరీలు వారి శ్రమను పచ్చికపై నడచువారి కంటబడకుండ దాచెను. ఒక్క ఇటుక మందముతోనే నిలుచునట్లు పామువలె మెలికలు తిరిగిన ఆ గోడల చమత్కారమును యాత్రికులు నేటికిని మెచ్చుకొందురు. అవి దాచిన దానిని తలచువారు చాలకాలము వరకు లేకపోయిరి.

మానవులందరు సమానులుగా సృష్టింపబడిరని ప్రకటించిన జెఫర్సను తన జీవితకాలములో ఆరు వందల మందికి పైగా బానిసలకు యజమాని. 1831లో వర్జీనియా శాసనసభ నల్లవారికి చదువు చెప్పుటకై సమావేశములు జరుపుటను నిషేధించెను. విద్యాలయమునకు ఇటుకలు చేసిన చేతులకు అక్షరములు నేర్చుట నేరమైనది. ఇంతకన్న విపరీతమైన వైరుధ్యమును ఊహించుట కష్టము. సౌష్ఠవమునకు, న్యాయమైన పాళ్ళకు మాదిరిగా నిలిపిన స్తంభములే ఆ వైరుధ్యమునకును సాక్షులు.

ఈ పుటను ఆలస్యముగా నైనను ఆ విశ్వవిద్యాలయమే వ్రాయ బూనెను. 1817 నుండి 1865 వరకు అక్కడ పని చేసిన బానిసలు సుమారు 4,000 మంది యని లెక్క గట్టి, వారి స్మారకముగా రొటండాకు సమీపమున వలయాకారపు రాతి కట్టడమును 2020లో పూర్తి చేసిరి. దాని వ్యాసము 80 అడుగులు. రొటండా కొలతకు దాదాపు సమానము. అందు స్తంభములు లేవు, శీర్షములు లేవు. లోపలి గోడపై ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క గీత రాతిలో చెక్కియున్నది. పేరు తెలిసినవారికి పేరు; పేరు తెలియక వృత్తియో, బంధుత్వమో మాత్రమే తెలిసినవారికి ఆ మాట. తక్కినవారికి గీత మాత్రమే మిగిలెను.

అగ్నిపరీక్ష

1895 అక్టోబరు 27వ తేదీ ఆదివారమున రొటండాకు వెనుక చేర్చిన అనుబంధ భవనములో అగ్ని పుట్టెను. రెంటిని కలుపు భాగమును డైనమైటుతో కూల్చి మంటను ఆపజూచిరి గాని ఫలింపలేదు. విద్యార్థులు గ్రంథాలయములోని పుస్తకములను చేతికందినన్ని బయటికి చేర్చిరి. జెఫర్సను పాలరాతి విగ్రహమును ఈడ్చి కాపాడిరి. కొయ్య చట్రముతో కట్టిన గుమ్మటము కూలిపోయెను. గుండ్రని గోడలు మాత్రము నిలిచెను. ఆ దినము అపాయఘంట మ్రోగించినవాడు హెన్రీ మార్టిన్ అను వృద్ధుడు. అతడు మాంటిచెల్లోలో బానిసగా పుట్టి, విముక్తుడైన పిదప విశ్వవిద్యాలయములో గంట కొట్టువాడుగా చాలకాలము పనిచేసెను. జెఫర్సను మరణించిన దినమే తాను పుట్టితినని అతడు చెప్పుకొనెడివాడు. జెఫర్సను గ్రంథాలయము దగ్ధమగుచుండ దానిని రక్షింపుడని ఊరినంతటిని మేల్కొల్పినది ఒకనాటి బానిస చేయి.

రొటండాను తిరిగి కట్టించిన శిల్పి స్టాన్‌ఫర్డ్ వైట్. అతడు లోపలి మధ్య అంతస్తును తీసివేసి, గుమ్మటమును ఈసారి కాలని పెంకులతో కట్టించెను. 1976 నాటికి లోపలి భాగమును జెఫర్సను పద్ధతికి మరల్చిరి. 1987లో ఈ ప్రాంగణము మాంటిచెల్లోతో కలిసి ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేరెను. 2016లో ముగిసిన మరమ్మతులలో శిథిలమైన శీర్షములను తొలగించి, మరల కర్రారా పాలరాతితోనే చెక్కించి నిలిపిరి. కట్టడము మారినట్లే దానిలోనికి వచ్చువారును మారిరి. 1950లో న్యాయస్థానపు టాజ్ఞతో తొలి నల్లజాతి విద్యార్థి న్యాయకళాశాలలో ప్రవేశించెను. 1970వ దశకపు ఆరంభమున స్త్రీలకు పురుషులతో సమానముగా ద్వారములు తెరచిరి. జెఫర్సను నిలిపిన రీతులు ఆ రీతులే. వాని క్రింద నడచువారు అతడు ఊహింపని వారు.

కోఠిలోని కొరింథియను కంబములు

ఈ కథకు తెలుగుగడ్డపై నొక తోబుట్టువు కలదు. వర్జీనియాలో పునాదిరాయి పడుటకు పదునాలుగేండ్ల ముందు, 1803లో, హైదరాబాదు మూసీ తీరమున ఆంగ్లేయ రెసిడెంటు జేమ్స్ కిర్క్‌పాట్రిక్ తన నివాస భవనమును కట్టింప నారంభించెను. మద్రాసు ఇంజనీర్లకు చెందిన శామ్యూల్ రస్సెల్ దాని శిల్పి. వ్యయము భరించినది నిజాము. భవన ముఖమున ఆరు కొరింథియను కంబములు, వానిపై త్రికోణములో ఈస్టిండియా కంపెనీ చిహ్నము, మెట్లకు ఇరువైపుల సింహములు. ఈ కంబములును వర్జీనియా కంబముల వలెనే ఇటుకతో కట్టి సున్నపు గచ్చుతో మెరుగు పెట్టినవే. కిర్క్‌పాట్రిక్ భార్య ఖైరున్నీసా కొరకు చేయించిన ఆ భవనపు చిన్న నమూనా ఆవరణలో నేటికిని నిలిచియున్నది.

షార్లట్స్‌విల్ కంబములు విద్య కొరకు లేచినవి. కోఠి కంబములు అధికారము కొరకు లేచినవి. నిజాము రాజ్యములో కంపెనీ బలము ఎంతటిదో చూచువారికి తెలియవలెనని వాని నంత ఎత్తుగా నిలిపిరి. ఆ సంగతి జనమునకు తెలియకపోలేదు. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీనుల నాయకత్వమున తిరుగుబాటుదారులు ఆ భవనముపైననే దాడి చేసిరి. ఆ దాడి విఫలమయ్యెను. కంబములు నిలిచినవి, కాని తొంబది రెండేండ్ల పిదప, 1949లో, ఆ కంబముల నడుమ నుండి లోనికి నడచినవారు విద్యార్థినులు. ఉస్మానియా విశ్వవిద్యాలయపు మహిళా కళాశాల ఆ భవనమునకు తరలి వచ్చెను. దర్బారు సాగిన చోట పాఠములు సాగెను.

పిదప దశాబ్దులలో భవనము జీర్ణించి, పెచ్చులూడి, ప్రవేశింప వీలులేని స్థితికి వచ్చెను. స్వదేశ విదేశ సంస్థల పూనికతో జీర్ణోద్ధారము జరిగి 2023లో తిరిగి తెరువబడెను. 2022లో కళాశాల మహిళా విశ్వవిద్యాలయముగా మారెను. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టిరి. తెలంగాణ రైతాంగ పోరాటములో, తాను సాగు చేసిన భూమి పంటను దేశముఖునకు దక్కనీయక ఎదిరించి నిలిచిన శ్రామిక స్త్రీ ఆమె. కంపెనీ ప్రతాపమును చాటుటకు నిలిపిన కొరింథియను కంబములు నేడు ఒక రజక స్త్రీ పేర వెలసిన విద్యాలయమునకు ముఖద్వారము.

చదువరి చేయవలసిన పని

కట్టడములను చూచి రెండు విధముల వారు తొందరపడుదురు. ఒకరు అందమునకు మురిసి కట్టిన చేతులను మరతురు. మరియొకరు కట్టించినవాని దోషమును చూచి అందమునే త్రోసివేయుదురు. ఇరువురును సగమే చదివినవారు. వర్జీనియా స్తంభముల పాళ్ళు నిజముగా ఉత్తమమైనవి. వానిని నిలిపిన శ్రమ నిజముగా అపహరింపబడినది. రెండును ఒకే ఇటుకలో నున్నవి. ఒకదానిని చెరిపి మరియొకదానిని నిలుపుట చరిత్ర కాదు.

మన పాఠశాలలలో చరిత్ర చెప్పు ఉపాధ్యాయులు ఈ చదువును పిల్లలకు సులభముగా నేర్పవచ్చును. దీనికి రోమునకో, అమెరికాకో పోనక్కరలేదు. మన ఊళ్ళలో దేవాలయ మండపములున్నవి, పాతకాలపు కచేరీలున్నవి, నూరేండ్లు దాటిన ఉన్నత పాఠశాలల వసారాలున్నవి. పిల్లలను ఒక స్తంభము దగ్గరకు కొనిపోయి, దాని మందమును దారముతో చుట్టి కొలిపించవలెను. ఎత్తు అందుకు ఎన్ని రెట్లో లెక్కగట్టింపవలెను. పీఠము, కంబము, శీర్షము బొమ్మ గీయింపవలెను. గణితము, చిత్రలేఖనము, చరిత్ర మూడును ఆ యొక్క గంటలో కలిసి వచ్చును. కొలత ముగిసిన పిదప నాలుగు ప్రశ్న లడుగవలెను. దీనిని ఎవరు కట్టించిరి? ఎవరు కట్టిరి? ఎవరిని లోనికి రానిచ్చిరి? ఎవరిని రానీయలేదు?

మొదటి ప్రశ్నకు సమాధానము సాధారణముగా శాసనములో దొరకును. తక్కిన మూటికి ఊరి పెద్దలను అడుగవలెను, పాత దస్తరములు తిరుగవేయవలెను, ఒక్కొక్కప్పుడు గీత తప్ప పేరు దొరకక ఊరకుండవలెను. ఆ వెదకుటయే చదువు. స్తంభము తన భాగమును తాను చెప్పును. మిగిలిన భాగమును చెప్పవలసినవారు ఉపాధ్యాయులు.